అనుకోకుండా కలిసొచ్చినప్పుడు ఇంగ్లీషులో ఏమనాలి?

తెలుగులో అయితే మనకి ఇబ్బందే లేదు. స్నేహితుడికి ఊహించని మంచి జరిగితే "నక్క తోక తొక్కావురా" అంటాం, పక్కింటాయన పొలానికి ఉన్నట్టుండి ధర పెరిగితే "ఆయన పంట పండింది" అంటాం, ఎవరిని కలవడానికి బయలుదేరామో ఆ మనిషే వీధి మలుపులో ఎదురైతే "ఆడబోయిన తీర్థం ఎదురైనట్టు" అని నాన్నమ్మ ఎప్పుడో అన్న మాట నోట్లోంచి వచ్చేస్తుంది. అదే సంగతి ఇంగ్లీషులో చెప్పాల్సి వస్తే మాత్రం చాలామందికి తట్టేది ఒక్క "లక్కీ". యూ ఆర్ లక్కీ, ఐ యామ్ లక్కీ, సో లక్కీ. తప్పేం కాదు, కానీ అన్నింటికీ అదే వాడితే కూరలన్నింట్లో ఒకే పొడి వేసినట్టు ఉంటుంది. పోనీ కొత్త మాట వాడదాం అనుకుంటే, చూడకుండా వాడిన మాట ఒక్కోసారి ఎదుటివాళ్లని నొప్పిస్తుంది.

నాకు అలాగే జరిగింది. మా టీమ్‌లో ఒకతను ఒక సర్టిఫికేషన్ పరీక్ష మొదటిసారే పాసయ్యాడు, ఒకేసారికి గట్టెక్కడం కష్టమని అందరూ చెప్పుకునే పరీక్ష అది. గ్రూపులో అందరూ కంగ్రాట్స్ పెడుతుంటే నేను "వాట్ ఎ ఫ్లూక్! కంగ్రాట్స్!" అని పెట్టాను. ఫ్లూక్ అంటే అదృష్టం అని మాత్రమే తెలుసు నాకు అప్పటికి. గ్రూపులో అతనేమీ అనలేదు. సాయంత్రం టీ దగ్గర మెల్లగా అడిగాడు, "అన్నా, ఆరు నెలలు పొద్దున్నే నాలుగింటికి లేచి చదివాను, నీకది గాలివాటంగా వచ్చినట్టు కనిపించిందా?" అని. సారీ చెప్పాను, అతను మంచివాడు కాబట్టి అక్కడితో వదిలేశాడు, కానీ ఆ ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది. అప్పటినుంచి ఇలాంటి మాట ఏది వాడాలన్నా దాని అర్థంతో పాటు ఇంకోటి కూడా చూస్తాను: ఈ మాట ఎదుటివాడి కష్టాన్ని ఉండనిస్తోందా, తుడిచేస్తోందా? మీరు కూడా అలా చూసి వాడతారనే ఇదంతా రాస్తున్నాను.

మొదటి పని: వచ్చిందేమిటో తేల్చుకోండి

డబ్బు వచ్చిందా, సాయం అందిందా, అవకాశం తగిలిందా, వెతకనిదేదో దొరికిందా, చెడు అనుకున్నది మంచిగా తిరిగిందా. తెలుగులో వీటన్నింటికీ "కలిసొచ్చింది" అనేస్తే సరిపోతుంది. ఇంగ్లీషులో దేనికి దానికి వేరే మాట ఉంది, ఒకదాని చోట ఇంకోటి పెడితే అర్థమవుతుంది గానీ అతకదు.

డబ్బు దగ్గర మొదలుపెడదాం. మీరు కష్టపడకుండా, లెక్కలో వేసుకోకుండా వచ్చి పడిన డబ్బుకి విండ్‌ఫాల్ అనాలి. గాలికి రాలిపడినది అని దాని అసలు అర్థం, చెట్టెక్కక్కర్లేదు, కోయక్కర్లేదు, కింద నిలబడి ఏరుకోవడమే. ఈ మాట మనకి అర్థమైనంత బాగా ఎవరికి అర్థమవుతుంది చెప్పండి! నూజివీడు వైపు వేసవిలో ఈదురుగాలి వచ్చిన మర్నాడు పొద్దున్న మామిడి తోటలోకి వెళ్తే కాయ పరుచుకుని ఉంటుంది, పిల్లలు సంచులు పట్టుకుని పరిగెడతారు, ఆ కాయతో ఇంటింటా పచ్చడి, పులిహోర. వాళ్లకది విండ్‌ఫాలే. కానీ అదే చెట్టు కింద తోట కౌలుకి తీసుకున్న రైతు తల పట్టుకుని కూర్చుంటాడు, రాలిన కాయకి మార్కెట్‌లో ధర రాదు కాబట్టి. అంటే విండ్‌ఫాల్ అనేది ఏరుకునేవాడి మాట, చెట్టు పెంచినవాడి మాట కాదు. ఈ తేడా పట్టుకుంటే వాడకం దానంతటదే వస్తుంది. తాతగారి వాటా అనుకోకుండా చేతికొచ్చింది, టాక్స్ రీఫండ్ మీరు అనుకున్నదానికంటే ఎక్కువ పడింది, ఇలాంటివి విండ్‌ఫాల్. "ది రీఫండ్ వాజ్ ఎ నైస్ లిటిల్ విండ్‌ఫాల్" అనొచ్చు. ఏడాదంతా రాత్రిళ్లు పనిచేసిన మనిషికి వచ్చిన ఇంక్రిమెంట్‌ని మాత్రం విండ్‌ఫాల్ అనకండి.

పేపర్లో విండ్‌ఫాల్ టాక్స్ అని చూసే ఉంటారు, అందులో ఉన్నదీ ఇదే సంగతి. ఉక్రెయిన్ యుద్ధం వల్ల ముడి చమురు ధరలు పైకెళ్లి, కంపెనీలు అదనంగా చేసిందేమీ లేకుండానే లాభాలు పెరిగిపోతే, మన కేంద్ర ప్రభుత్వం 2022 జులై 1 నుంచి దేశంలో తీసే ముడి చమురు మీద ఆ పన్ను వేసింది, 2024 డిసెంబరులో ఎత్తేసింది. బ్రిటన్‌లో 1997లో ప్రైవేటు చేతికి వెళ్లిన కరెంటు, నీటి సంస్థల లాభాల మీద వేసిన పన్నుని కూడా ఇదే పేరుతో పిలిచారు. కష్టార్జితం కాదు కదా, అందులో కొంత ఇవ్వండి అనే వాదన ఆ మాటలోనే ఉంది.

పెద్ద మొత్తమైతే జాక్‌పాట్, బొనాంజా ఉన్నాయి, ఇవి మన భాషలోకి ఎప్పుడో వచ్చేశాయి. "జాక్‌పాట్ కొట్టాడు" అని మనమూ అంటాం. ఈ మాట పేకాటలోది, పోకర్‌లో ఒక రకం ఆటలో చేతిలో కనీసం రెండు జాకీలు ఉంటే గానీ పందెం మొదలుపెట్టకూడదు, ఎవరికీ పడకపోతే మధ్యలో ఉన్న డబ్బు అలా పెరుగుతూ పోతుంది, చివరికి గెలిచినవాడికి అంతా ఒకేసారి దక్కుతుంది. ఇంగ్లీషులో దీన్ని డబ్బు లేని చోట కూడా హాయిగా వాడొచ్చు: మంచి ఓనరు, పిల్లల బడి పక్కనే, నీళ్ల ఇబ్బంది లేదు, అలాంటి అద్దె ఇల్లు దొరికితే "వి హిట్ ద జాక్‌పాట్ విత్ దిస్ హౌస్" అంటే చాలా సహజంగా ఉంటుంది. బొనాంజా స్పానిష్ మాట, ప్రశాంతంగా ఉన్న సముద్రానికి నావికులు వాడేది. అమెరికాలో గనుల్లోకి వెళ్లి, తవ్వుతుంటే తగిలిన గొప్ప ఖనిజపు నిల్వకి పేరైంది. నెవాడాలో 1859లో బయటపడిన కామ్‌స్టాక్ వెండి గనుల్లో 1873లో దొరికిన నిల్వనైతే బిగ్ బొనాంజా అనే పిలిచారు. మన పేపర్లలో ఉద్యోగులకు డీఏ బొనాంజా, పండగ బొనాంజా అని రాసీ రాసీ దాని బలం పోయింది, అందుకే మామూలు మాటల్లో నేను దాన్ని వాడను. ఒక మనిషికి కలిసొచ్చినదానికి జాక్‌పాటే నయం.

స్ట్రైక్ గోల్డ్ అనే మాట ఉంది, అది కాస్త వేరు. కాలిఫోర్నియాలో 1848 జనవరిలో సట్టర్స్ మిల్ దగ్గర బంగారం కనిపించాక జనం ఎగబడి తవ్విన కథ తెలిసిందే. తవ్వితేనే తగిలేది బంగారం. కాబట్టి ఇందులో ప్రయత్నం ఉంది. నాలుగు కర్రీ పాయింట్లు పెట్టి, మూడు మూసేసి, నాలుగోదానితో నిలదొక్కుకున్న మనిషి గురించి "హి స్ట్రక్ గోల్డ్ విత్ ద ఫోర్త్ వన్" అంటే అతని కష్టం పోదు.

సాయం అందితే

పీకల్లోతు ఇబ్బందిలో ఉన్నప్పుడు సరిగ్గా అప్పుడే ఏదో వచ్చి ఆదుకుంటే మనం "దేవుడిలా వచ్చావు" అంటాం. దానికి అచ్చంగా అతికే మాట గాడ్‌సెండ్. ఇది విడదీసి రాసే రెండు మాటలు కాదు, ఒకటే నామవాచకం, ముందు "ఎ" ఉండాలి: "యువర్ నోట్స్ వర్ ఎ గాడ్‌సెండ్." మనుషులకీ వాడొచ్చు, వస్తువులకీ వాడొచ్చు. రాత్రి రెండింటికి తెలియని ఊరి బస్టాండ్‌లో ఫోన్ చచ్చిపోయి ఉంటే పక్కన కూర్చున్న ఆవిడ పవర్ బ్యాంక్ ఇచ్చింది, అది గాడ్‌సెండ్. పుట్టినరోజుకి వచ్చిన స్మార్ట్ వాచీ కాదు. అవసరం లేని చోట గాడ్‌సెండ్ లేదు, ఇదొక్కటి గుర్తుపెట్టుకోండి.

దేవుడి పేరు ఉంది కదా, అందరికీ వాడొచ్చా అని ఒకరు నన్ను అడిగారు. వాడొచ్చు, ఇంగ్లీషులో దేవుణ్ని నమ్మనివాళ్లు కూడా వాడేస్తారు. మ్యానా ఫ్రమ్ హెవెన్ కూడా అలాంటిదే. చర్చికి వెళ్లేవాళ్లకి ఇది చెప్పనక్కర్లేదు, బైబిల్లోని నిర్గమకాండంలో ఎడారిలో ఆకలితో ఉన్న ఇశ్రాయేలీయులకి ఆకాశం నుంచి కురిసిన మన్నా. అనుకోకుండా, ఆకలి వేళకి వచ్చినదన్నమాట. కాస్త పుస్తకాల వాసన ఉన్న మాట ఇది, రాతలో బాగుంటుంది, టీ కొట్టు దగ్గర కాదు.

రెండో పని: ఆ అదృష్టం ఎవరిదో చూడండి

నన్నడిగితే మొత్తంలో ముఖ్యమైనది ఇదే. మీ గురించి మీరు చెప్పుకునేటప్పుడు కష్టాన్ని తగ్గించి చెప్పుకున్నా అది వినయంగానే వినిపిస్తుంది. "ఇట్ వాజ్ ప్యూర్ లక్", "ఇట్ వాజ్ ఎ ఫ్లూక్", "ది జాబ్ జస్ట్ ఫెల్ ఇంటు మై ల్యాప్" అని మీ ఉద్యోగం గురించి మీరు అనుకోవచ్చు. ఆఖరిది మన "ఒళ్లో వచ్చి పడింది" లాంటిదే, పెద్దగా వివరించక్కర్లేదు. అవే మాటలు ఎదుటివాళ్ల మీద వాడితే మాత్రం "నువ్వు చేసిందేం లేదు" అన్నట్టు అవుతుంది.

ఫ్లూక్ 19వ శతాబ్దంలో బిలియర్డ్స్ ఆట నుంచి వచ్చింది. ఒక బంతిని గురిపెట్టి కొడితే అది ఇంకెక్కడో తగిలి, ఇంకే బంతో వెళ్లి గుంటలో పడితే ఆ దెబ్బని ఫ్లూక్ అన్నారు. పాయింటు వచ్చింది, కానీ ఆటగాడి గొప్ప కాదు. మన కాకతాళీయం ఇలాంటిదే కదా, కాకి వాలింది, తాటిపండు పడింది, కాకి వల్ల పడలేదు. గల్లీ క్రికెట్‌లో కళ్లు మూసుకుని ఊపితే సిక్స్ వెళ్తే, కొట్టినవాడే నవ్వుతూ ఉంటే, అప్పుడు ఫ్లూక్ అనొచ్చు. పరీక్ష పాసైనవాడికి, ప్రమోషన్ వచ్చినవాడికి, వీసా ఇంటర్వ్యూకి నెల రోజులు సిద్ధమై వెళ్లినవాడికి అనకూడదు. వాళ్లకి "వెల్ డిజర్వ్‌డ్" అనండి, రెండే మాటలు, నీకు తగినదే వచ్చింది అని. నేను ఆ రోజు గ్రూపులో పెట్టాల్సింది అదే.

ఎదుటివాళ్లకి నిజంగానే అదృష్టం కలిసొచ్చింది, వాళ్లకీ ఆ సంగతి తెలుసు, అప్పుడు "వాట్ ఎ స్ట్రోక్ ఆఫ్ లక్!" అనండి. ఒక సంఘటనకి మాత్రమే వర్తించే మాట అది, మనిషి మొత్తం మీద ముద్ర వేయదు. అవకాశం అయితే లక్కీ బ్రేక్, లేదా ఇంకా మర్యాదగా బిగ్ బ్రేక్: ఏళ్ల తరబడి చిన్న వేషాలు వేసిన నటుడికి మంచి పాత్ర దొరికితే "దట్ వాజ్ హిజ్ బిగ్ బ్రేక్" అంటారు. ఇందులో అవకాశం బయటినుంచి వచ్చింది, నిలబెట్టుకున్నది అతను అనే అర్థం ఉంటుంది.

"లక్కీ యూ!" జాగ్రత్త. దగ్గరి స్నేహితుల మధ్య సరదాగానే ఉంటుంది, కొంచెం దూరపువాళ్ల మీద వాడితే కుళ్లుకుంటున్నట్టు వినిపించొచ్చు. "ఐ యామ్ సో హ్యాపీ ఫర్ యూ" ఎక్కడైనా చెల్లుతుంది.

వెతకనిది దొరికితే

సెరెండిపిటీ ఇప్పుడు కాఫీ షాపుల పేర్లలో, ఇన్‌స్టా క్యాప్షన్లలో కనిపిస్తోంది, చాలామంది దీన్ని "అందమైన అదృష్టం" అనే అర్థంలో వాడేస్తున్నారు. దీనికి ఒక పుట్టినరోజు ఉంది: హొరేస్ వాల్పోల్ అనే ఇంగ్లీషు రచయిత 1754 జనవరి 28న ఒక స్నేహితుడికి రాసిన ఉత్తరంలో ఈ మాటని తయారుచేశాడు. సెరెండిప్ అంటే శ్రీలంకకి పాత పేరు, ఆ దేశపు ముగ్గురు రాకుమారుల కథ చదివి, వాళ్లు వెతకని సంగతులని అనుకోకుండానూ, తెలివితోనూ కనిపెడుతూ ఉంటారని రాశాడు. చూడండి, అనుకోకుండా ఒక్కటే కాదు, తెలివి కూడా. 1928లో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ ప్రయోగశాలలో ఒక పళ్లెంలో బూజు పట్టింది, దాని చుట్టూ బ్యాక్టీరియా లేకపోవడం ఆయన గమనించాడు, పెన్సిలిన్ దారి అక్కడ మొదలైంది. ఇంకొకరైతే ఆ పళ్లెం కడిగేసేవాళ్లేమో.

కాబట్టి వాడే ముందు చూసుకోండి. మీరు దేనికోసమో వెతుకుతుండాలి, ఇంకేదో మంచిది తగలాలి, అది మంచిదని మీరు గుర్తుపట్టాలి. పాత పుస్తకాల దుకాణంలో ఇంజినీరింగ్ పుస్తకం కోసం వెళ్లి, దుమ్ములో మీ నాన్నగారు చదువుకున్న తెలుగు వాచకం కనిపిస్తే అది సెరెండిపిటీ. "వెతకబోయిన తీగ కాలికి తగిలినట్టు" దీనికి సరిపోదు, చాలామంది అలా అనువదిస్తారు గానీ అక్కడ వెతికిన తీగే తగిలింది. దానికి స్ట్రోక్ ఆఫ్ లక్ సరి. లాటరీ తగలడం కూడా సెరెండిపిటీ కాదు.

చెడు మంచిగా తిరిగితే

ఇక్కడ రెండు మాటలు కలిసిపోతుంటాయి. బ్లెస్సింగ్ ఇన్ డిస్గైజ్ అంటే మారువేషంలో వచ్చిన వరం, అప్పుడు చెడు అనుకున్నదే తర్వాత చూస్తే మొత్తంగా మంచి అని తేలడం, మన "అంతా మన మంచికే". సిల్వర్ లైనింగ్ అలా కాదు, చెడు చెడుగానే ఉంది, దాని అంచున కాస్త వెలుగు ఉంది. మిల్టన్ 1634 నాటి రచనలో నల్లమబ్బుకి వెండి అంచు అని వాడిన మాట ఇలా స్థిరపడింది. మనకి "గుడ్డిలో మెల్ల" ఉంది కదా, దగ్గరగా అదే.

ఇల్లు ఖాళీ చేయమన్నారని ఏడ్చుకుంటూ మారితే కొత్త ఇల్లు పిల్లల బడికి నడిచి వెళ్లే దూరంలో, అద్దె కూడా తక్కువకే దొరికింది: బ్లెస్సింగ్ ఇన్ డిస్గైజ్. కాలు విరిగి రెండు నెలలు మంచంలో ఉన్నారు, నొప్పి, ఖర్చు, సెలవులు అన్నీ పోయాయి, కానీ ఇన్నేళ్లలో మొదటిసారి అమ్మతో రోజూ కూర్చుని మాట్లాడారు: సిల్వర్ లైనింగ్.

దయచేసి ఒక్క మాట వినండి. ఉద్యోగం పోయిందని ఎవరైనా చెప్పిన రోజున "మేబీ ఇట్స్ ఎ బ్లెస్సింగ్ ఇన్ డిస్గైజ్" అనకండి. ఓదార్చాలనే అంటాం, తెలుసు, కానీ ఈఎంఐ కట్టాల్సిన తేదీ కళ్లముందు కనిపిస్తున్న మనిషికి ఆ మాట గుచ్చుకుంటుంది. ఆ రోజుకి "ఐ యామ్ సారీ టు హియర్ దట్" చాలు, పక్కన కూర్చోవడం ఇంకా మంచిది. ఆరు నెలల తర్వాత ఇంకా మంచి చోట కుదురుకుని ఆయనే ఆ మాట అంటే అప్పుడు మీరు అవునండి అనొచ్చు. ఇది అనుభవించినవాళ్లు వాడుకోవాల్సిన మాట. అలా దెబ్బ తిని కూడా మంచిచోట తేలినవాళ్లకి "యూ ల్యాండెడ్ ఆన్ యువర్ ఫీట్" అంటారు, బ్రిటన్‌లో "ఫెల్ ఆన్ యువర్ ఫీట్" ఎక్కువ. తంతే బూరెల బుట్టలో పడ్డట్టు అన్నంత తీపి అందులో లేదు గానీ, నిలదొక్కుకున్నావు అనే మెప్పు ఉంది.

బోల్తా కొట్టించే మాటలు

"జస్ట్ మై లక్" అంటే నా అదృష్టం అని సంతోషంగా వాడేవాళ్లని చూశాను. అది తలకిందులు, బస్సు కళ్లముందే వెళ్లిపోయినప్పుడు "నా ఖర్మ" అన్నట్టు అనే మాట. ఉద్యోగం వచ్చినప్పుడు అంటే వినేవాళ్లు అయోమయంలో పడతారు.

లక్ ఔట్, ఔట్ ఆఫ్ లక్, ఇవి చూడ్డానికి అన్నదమ్ముల్లా ఉంటాయి, అర్థాలు ఎదురెదురు. అమెరికాలో "ఐ లక్‌డ్ ఔట్" అంటే నాకు కలిసొచ్చింది అని. "ఐ యామ్ ఔట్ ఆఫ్ లక్" అంటే నాకు రాసిపెట్టి లేదు అని. హెచ్-1బీ లాటరీలో పేరు వచ్చినవాళ్లు మొదటిది అనాలి, రానివాళ్లు రెండోది. మనవాళ్లు చాలామంది "ఐ క్రాక్‌డ్ ద లాటరీ" అంటుంటారు, క్రాక్ చేయడానికి అందులో చదివి రాసేదేమీ లేదు కదా, "ఐ గాట్ పిక్‌డ్ ఇన్ ద లాటరీ" అంటే సరిపోతుంది.

"గెట్ లక్కీ" విషయంలో ఆడామగా కలిసి ఉన్న చోట కాస్త చూసుకోండి. పని గురించి అయితే ఫర్వాలేదు, "వి గాట్ లక్కీ విత్ ద వెదర్" బాగానే ఉంటుంది. కానీ "ఐ గాట్ లక్కీ లాస్ట్ నైట్" అంటే రాత్రి ఒకరితో పడక కుదిరింది అనే అర్థం వస్తుంది. రాత్రి తత్కాల్‌లో టికెట్ దొరికిందని చెప్పాలంటే టికెట్ పేరు కలిపి చెప్పండి.

ఔట్ ఆఫ్ ద బ్లూ అంటే ఉన్నట్టుండి అని మాత్రమే, మంచికీ చెడుకీ రెండింటికీ వాడొచ్చు. బోల్ట్ ఫ్రమ్ ద బ్లూ అంటే మబ్బు లేని ఆకాశం నుంచి పిడుగు, ఎక్కువగా షాక్‌కే వాడతారు, శుభవార్తకి పెట్టకండి.

వాక్యంలో పెట్టేటప్పుడు

లక్‌ని లెక్కపెట్టలేం, కాబట్టి "ఎ లక్" లేదు, "ఐ గాట్ ఎ లక్" అనకూడదు. "ఎ బిట్ ఆఫ్ లక్", "ఎ స్ట్రోక్ ఆఫ్ లక్" అనాలి. మనం అలవాటుగా అనే "బై లక్" బదులు "లకిలీ" అని వాక్యం మొదట్లో పెట్టేయండి. ఆఫీసు మెయిల్ అయితే "ఫార్చునేట్లీ" ఇంకా హుందాగా ఉంటుంది, జాక్‌పాట్, ఫ్లూక్ లాంటివి క్లయింట్‌కి రాసే మెయిల్లో వద్దు. హిట్‌కి భూతకాలం హిట్టే, హిట్టెడ్ లేదు. స్ట్రైక్‌కి స్ట్రక్.

ఒకేసారి ఇన్నీ నేర్చుకోవద్దు, ఉండవు. వారానికి ఒకటి తీసుకోండి. ఆ వారంలో మీకో, ఇంట్లోవాళ్లకో జరిగిన నిజమైన సంగతికి దాన్ని తొడిగి ఒక వాక్యం ఫోన్‌లో రాసి పెట్టుకోండి, పుస్తకంలో ఉదాహరణ కాదు, మీ సంగతే. పవర్ బ్యాంక్ ఇచ్చిన ఆవిడ నాకు అలాగే గుర్తుండిపోయింది, గాడ్‌సెండ్ అనే మాట ఎక్కడ చూసినా ఆ బస్టాండ్‌లో ఆవిడ పచ్చ శాలువా కళ్లముందుకొస్తుంది.

చివరగా టచ్ వుడ్. ఇది అయిపోయిన అదృష్టానికి కాదు, ఇంకా నడుస్తున్నదానికి, దిష్టి తగలకూడదని అనేది. "ఆపరేషన్ తర్వాత నాన్నకి బాగానే ఉంది, టచ్ వుడ్." అమెరికాలో ఉన్నవాళ్లయితే "నాక్ ఆన్ వుడ్" అనండి, అక్కడ అదే వాడుక, అంటూ పక్కనున్న టేబుల్‌ని రెండుసార్లు తట్టేస్తారు కూడా.